ఇంటి మురుగునీరు: ఏ ప్రమాణం ఎవరికి వర్తిస్తుంది?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

బెంగళూరులో యూజీడీ (భూగర్భ మురుగు) లైను ఇంకా చేరని లేఅవుట్లలో ఇల్లు కట్టుకుంటున్న పాఠకుల నుంచి, సొంత ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నడుపుకుంటున్న అపార్ట్‌మెంట్ సంఘాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: హొరమావు దగ్గర 30 × 40 సైటులో ఇల్లు కడుతున్నాము. కింద మేము ఉంటాము, పైన రెండు అంతస్తులు అద్దెకు ఇస్తాము. మా వీధికి యూజీడీ రాలేదు. సెప్టిక్ ట్యాంకు కట్టి పక్కనే సోక్ పిట్ (ఇంకుడు గుంత) తీస్తే చాలని మేస్త్రి అంటున్నాడు. మా బావమరిది మాత్రం ఫైబర్ ట్యాంకులో వచ్చే రెడీమేడ్ ఎస్‌టీపీ పెట్టమంటున్నాడు. అమ్మేవారు ‘బీఓడీ (నీటిలోని మలినపు కొలత) 10 గ్యారంటీ’ అంటున్నారు. ప్రభుత్వ నిబంధనల ప్రకారం మాకు ఏది తప్పనిసరి?
— ఒక పాఠకుడు, హొరమావు

జవాబు: మీ ఇంటికి ఎస్‌టీపీ తప్పనిసరి కాదు. యూజీడీ లేని ప్రాంతాలలో 20 ఫ్లాట్లు, అంతకు మించి ఉన్న నివాస సముదాయాలకు సొంత శుద్ధి ప్లాంటు ఉండాలని కర్ణాటక ప్రభుత్వం 2016 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మూడు కుటుంబాలు ఉండే ఇల్లు ఆ పరిధిలోకి రాదు. అయితే ఎస్‌టీపీ అక్కరలేదన్నంత మాత్రాన మురుగునీటిని ఎటైనా వదిలేయవచ్చని కాదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షను ప్రకారం వాగులోకి గాని, బావిలోకి గాని, నేల మీదికి గాని కాలుష్యాన్ని తెలిసి వదలడం ఎవరు చేసినా చట్టవిరుద్ధమే. మీ చుట్టుపక్కల చాలా ఇళ్లవారు సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు పొంగే నీటికి ఒక పైపు పెట్టి వాననీటి కాలువలోకి వదులుతుంటారు. ఆ నీరు రాజకాలువ (పెద్ద వాననీటి కాలువ) మీదుగా చెరువుకు చేరుతుంది. బెళ్లందూరు చెరువు నురగలు కక్కడానికి, దాని మీద మంటలు లేవడానికి కారణం వెతికితే శుద్ధి కాని మురుగునీరే ముందు వరుసలో కనిపిస్తుంది. మీరు మాత్రం ఆ పైపు పెట్టకండి.

సెప్టిక్ ట్యాంకు ఎలా కట్టాలో భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 2470 చెబుతుంది. వెడల్పు 75 సెంటీమీటర్లకు, నీటి లోతు ఒక మీటరుకు, నీరు పట్టే పరిమాణం 1,000 లీటర్లకు తగ్గకూడదు. పొడవు వెడల్పుకు రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. ఇవి కనీస కొలతలు మాత్రమే. మీ ఇంట్లో మూడు కుటుంబాలకు కలిపి పన్నెండు మంది ఉంటారనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 1,620 లీటర్ల నీరు వాడతారు, అందులో సుమారు 80 శాతం, అంటే దాదాపు 1,300 లీటర్లు మురుగుగా వస్తాయి. అందువల్ల ట్యాంకు ఆ ఒక్క రోజు నీటికి సరిపోతే చాలదు, రెండు మూడేళ్లలో అడుగున పేరుకునే మడ్డికి కూడా చోటు ఉండాలి. ఇద్దరు ముగ్గురికి కట్టే కొలతతో మూడంతస్తుల ఇంటికి కట్టేయడం మన మేస్త్రీలు తరచుగా చేసే పని, కనుక గొయ్యి తవ్వే రోజు టేపు పట్టుకుని దగ్గర నిలబడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. సెప్టిక్ ట్యాంకు మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు కాదు. ఇళ్ల మురుగులో బీఓడీ సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. నీటిలోని సేంద్రియ మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత అది. చక్కగా కట్టిన సెప్టిక్ ట్యాంకు కూడా అందులో మూడో వంతు నుంచి సగం వరకే తగ్గిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2017 అక్టోబరులో ఎస్‌టీపీలకు నిర్ణయించిన ప్రమాణం ప్రకారం బెంగళూరు వంటి మహానగరంలో బయటికి వచ్చే నీటి బీఓడీ 20 దాటకూడదు. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిలో అది వందకు పైమాటే. మిగిలిన శుద్ధి అంతా సోక్ పిట్ చుట్టూ ఉన్న మట్టి చేయాలి. నియమాలు సోక్ పిట్‌కూ తాగునీటి బావికీ మధ్య దూరం అడిగేది అందుకే. మన భవన నియమాలలో సాధారణంగా కనిపించే కనీస దూరం 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు.

మీ సైటు పొడవే 40 అడుగులు. మూల నుంచి మూలకు కొలిచినా 50 అడుగులే. బోరు ఒక మూల, సోక్ పిట్ ఎదురు మూల పెడితే మీ లెక్క సరిపోవచ్చు గాని, గోడ అవతలి ఇంటివారి సోక్ పిట్ మీ బోరుకు పది అడుగుల దూరంలో ఉండవచ్చు, మీది వారి బోరుకు అంతే దూరంలో ఉండవచ్చు. పైగా బెంగళూరు కింద ఉన్నది పగుళ్లు పట్టిన గట్టి రాయి. పైనున్న మట్టి పొర పలచగా ఉన్న చోట మురుగునీరు మట్టిలో వడకట్టుకునే లోపే రాతి పగుళ్లలోకి దిగి, అక్కడి నుంచి ఎవరి బోరుకు చేరుతుందో చెప్పడం కష్టం. వరుసగా 30 × 40 సైట్లు వేసి, ఇంటింటికీ బోరు, ఇంటింటికీ సోక్ పిట్ అనుమతించిన లేఅవుట్లలో ఆ దూరపు నియమం కాగితం మీదే మిగిలిపోయింది. ఇది ఒక్క ఇంటివారి తప్పు కాదు, కాని ఆ నీళ్లు తాగేది ఆ ఇళ్లలోని పిల్లలే కాబట్టి దీన్ని తేలికగా తీసుకోలేము. మీ బోరు నీటిని ఏడాదికి ఒకసారైనా, ముఖ్యంగా వానల తరువాత, పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై (మలం నుంచి వచ్చే బాక్టీరియా) అసలు కనిపించకూడదు, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మరగ కాచితే ఈ-కోలై చస్తుంది గాని నైట్రేటు పోదు.

నా సలహా అడిగితే, రెండు గదులుగా, నీరు కారని విధంగా సెప్టిక్ ట్యాంకు కట్టించి, దాని తరువాత కంకర నింపి నీరు అడుగు నుంచి పైకి ఎక్కే ఫిల్టరు గది ఒకటి పెట్టించండి. ఐఎస్ 2470 రెండో భాగంలో ఈ పద్ధతి ఉంది. దానికి కరెంటు అక్కరలేదు, కదిలే యంత్రం ఏదీ ఉండదు. ఆ తరువాతే నీరు సోక్ పిట్‌కు వెళ్లాలి. రేపు యూజీడీ వచ్చినప్పుడు కలపడానికి వీలుగా వీధి వైపు ఒక చాంబరు ఇప్పుడే వదిలి ఉంచండి.

రెడీమేడ్ ఎస్‌టీపీ చెడ్డదని అనను. 1,300 లీటర్ల ప్లాంటు 10 బీఓడీ ఇవ్వగలదు, అయితే అందులోని సూక్ష్మజీవులకు రాత్రింబవళ్లు గాలి అందుతూ ఉండాలి, రోజూ ఆహారం అందుతూ ఉండాలి. మీ ఇంటి మురుగులో ఎక్కువ భాగం పొద్దున రెండు గంటల్లో వచ్చిపడుతుంది. సంక్రాంతికి మూడు కుటుంబాలూ ఊళ్లకు వెళితే వారం రోజులు ఏమీ రాదు. బ్లోయర్ (గాలి కొట్టే యంత్రం) కాలిపోతే ఎవరు, ఎన్ని రోజుల్లో వస్తారో కాగితం మీద రాయించుకోండి. అంతకంటే ముఖ్యంగా, వారు రెండేళ్ల కిందట అమ్మిన ప్లాంటు ఒకటి చూపించమని అడగండి. అక్కడి నీటిని మీరే సీసాలో పట్టి ల్యాబుకు ఇవ్వండి. కొత్త ప్లాంటు ఇచ్చే అంకె కంటే రెండేళ్లు నడిచిన ప్లాంటు ఇచ్చే అంకెనే నమ్మాలి.

ప్రశ్న: సర్జాపుర రోడ్డులో 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. నేను సంఘం కార్యదర్శిని. నెలనెలా వచ్చే ల్యాబ్ రిపోర్టులో బీఓడీ 8 అని ఉంటుంది. కాని ఫ్లష్ ట్యాంకులలో వచ్చే నీరు పసుపు పచ్చగా ఉండి వాసన కొడుతోందని అందరూ నన్నే నిలదీస్తున్నారు. రిపోర్టు నమ్మాలా, ముక్కును నమ్మాలా?
— ఒక పాఠకురాలు, సర్జాపుర రోడ్డు

జవాబు: ముందు ముక్కును నమ్మండి, ఆ తరువాత రిపోర్టును ఎలా చదవాలో చూద్దాం.

మీకు వర్తించే అంకెలు మీ కాన్సెంటు (అనుమతి) పత్రంలో ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఆ కాగితాన్ని వెతికి పట్టుకోండి, ఎందుకంటే ఈ ప్రమాణాలు గత కొన్నేళ్లలో మారుతూ వచ్చాయి. 2017 నాటి కేంద్ర నోటిఫికేషనులో మహానగరాలకు బీఓడీ 20, నీటిలో తేలే ఘన పదార్థం 50 అని ఉంటే, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30 నాటి ఆదేశంలో బీఓడీ 10, ఘన పదార్థం 20, సీఓడీ (రసాయనంతో కొలిచే ఆక్సిజన్ అవసరం) 50, మొత్తం నత్రజని 10, భాస్వరం 1 అని కఠినం చేసింది. శుద్ధి చేసిన నీటిని ఇళ్లలో ఫ్లష్‌కు తిరిగి వాడుకునేవారికి కర్ణాటక మండలి వేరే అంకెలు పెట్టింది. బీఓడీ 10 లోపు ఉండటంతో పాటు, నీటి మసకతనం (టర్బిడిటీ) 2 ఎన్‌టీయూకు మించకూడదు, ఈ-కోలై ఉండకూడదు, క్లోరిన్ కొంత మిగిలి ఉండాలి. మీ రిపోర్టులో ఈ చివరి మూడు ఉన్నాయా? లేకపోతే అది మీ అవసరానికి సరిపోని రిపోర్టు. ఫ్లష్ నీరు తుంపరలుగా లేస్తుంది, పసిపిల్లలు ఆ చోట తిరుగుతారు. అలాంటి నీటిలో బీఓడీ ఒక్కటి చూసి తృప్తి పడటం నాకు సమ్మతం కాదు.

రిపోర్టులో తేదీలు కూడా చూడండి. మన దేశంలో బీఓడీ పరీక్ష 27 డిగ్రీల వద్ద మూడు రోజులు చేస్తారు. సోమవారం నమూనా తీసుకుని మంగళవారం ఇచ్చిన రిపోర్టులో బీఓడీ అంకె ఉందంటే అది కొలిచిన అంకె కాదు. నమూనా ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో తీశారన్నది మరో ప్రశ్న. ప్లాంటు నడిపే కాంట్రాక్టరే తన మనిషి చేత, రాత్రంతా తేరుకున్న నీటిని, తెల్లవారుజామున తీయించి తనే ల్యాబుకు పంపుతుంటే, 8 రావడంలో ఆశ్చర్యం లేదు. సంఘం తరఫున ఒకరు ఉదయం తొమ్మిది గంటలకు, నీరు జోరుగా వచ్చే వేళ, ఫిల్టర్లు దాటిన తరువాతి పైపు నుంచి పట్టించండి. ఈ-కోలై పరీక్షకు ల్యాబువారు ఇచ్చే శుభ్రపరచిన సీసా వాడాలి. ఆ సీసాలో నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు ముందే వేసి ఉంటుంది, కాబట్టి దాన్ని కడిగి వాడకండి.

ల్యాబు లేకుండా మీరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. ఒక లీటరు పట్టే, గీతలున్న గాజు సిలిండరు కొని ప్లాంటులో ఉంచండి. ఏరేషన్ ట్యాంకులో గాలి బుడగలు బాగా వస్తున్న చోట నుంచి దాన్ని నింపి, కదలని బల్ల మీద అర్ధగంట పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న ప్లాంటులో ముదురు గోధుమ రంగు మడ్డి రేకులు రేకులుగా కలిసి, కొద్ది నిమిషాల్లోనే కిందికి దిగడం మొదలుపెడుతుంది. అర్ధగంటకు మడ్డి సుమారు 250 నుంచి 500 మిల్లీలీటర్ల గీతల మధ్య నిలిచి, పైనున్న నీటి గుండా అవతలి చేతివేళ్లు స్పష్టంగా కనిపించాలి. తడిసిన మట్టి వాసన రావాలి. మడ్డి నల్లగా ఉండి కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి చాలడం లేదు. 50 దగ్గరే ఆగిపోతే సూక్ష్మజీవులే తగినన్ని లేవు. 800 దాటినా దిగకపోతే మడ్డి పొంగిపోయి, ఫిల్టర్లలోకి వెళుతోంది. రోజూ ఈ అంకెను ఒక పుస్తకంలో రాయించండి. పది రోజుల వరుస చూస్తే ప్లాంటు ఎటు పోతోందో కార్యదర్శికి కూడా అర్థమవుతుంది, ఇంజనీరే కానక్కరలేదు.

మీరు రాసిన లక్షణాలను బట్టి మూడు చోట్ల చూడమంటాను. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిపూట బ్లోయర్ ఆపేస్తున్నారేమో కనుక్కోండి. చాలా ప్లాంట్లలో వాసనకు మొదటి కారణం అదే. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరులో బొగ్గు ఎప్పుడు మార్చారో అడగండి. పసుపు రంగును పట్టేది ఆ బొగ్గే. బీఓడీ తక్కువగా ఉన్న నీటిలో కూడా ఆ రంగు మిగలవచ్చు. మూడవది, శుద్ధి చేసిన నీటి ట్యాంకు. క్లోరిన్ లేకుండా రెండు మూడు రోజులు నిలవ ఉన్న నీరు ప్లాంటు ఎంత బాగా నడిచినా మళ్లీ చెడిపోతుంది. ఇళ్లలో యాసిడ్, ఫినైలు బకెట్లకు బకెట్లు గుమ్మరించవద్దని కూడా నివాసులకు నోటీసు పెట్టండి. ప్లాంటులో పని చేసేది ప్రాణులు. వాటిని పై అంతస్తుల నుంచి చంపుతూ కింద గాలి కొట్టినందువల్ల ఉపయోగం లేదు.

నీరు మిగిలి నిలవ ఉండటానికి మరో కారణం కూడా ఉంది. ఫ్లష్‌కు, తోటకు ఖర్చయ్యేది మీ ప్లాంటు ఇచ్చే నీటిలో సగం వరకే ఉంటుంది, కాని బొట్టు కూడా బయటికి పోకూడదని నియమం ఉండేది. శుద్ధి చేసిన నీటిలో 50 శాతం వరకు అపార్ట్‌మెంట్లు బయటివారికి అమ్ముకోవచ్చని కర్ణాటక ప్రభుత్వం 2023 డిసెంబరులో అనుమతించింది. ఇది చాలా ముందే జరగవలసిన మార్పు. మీ పక్కన కట్టడాలు సాగుతున్నట్లయితే ప్రయత్నించండి.

ప్రశ్న: ఒక కంపెనీ బ్రోషర్‌లో తమ ప్లాంటుకు ‘ఈఎన్ 12566-3’ సర్టిఫికెట్ ఉందని, మరొక దానిలో ‘ఎన్‌ఎస్‌ఎఫ్ 40’ ఉందని వేశారు. ఇవి ఉంటే మన కాలుష్య మండలి ఒప్పుకుంటుందా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: ఒప్పుకోవలసిన అవసరం మండలికి లేదు. అయినా ఆ కాగితాలు పనికిరానివి కావు, వాటిలో ఏముందో తెలిస్తే చాలు. ఈఎన్ 12566 యూరపు ప్రమాణం, 50 మంది వరకు వాడే చిన్న ప్లాంట్లకు ఉద్దేశించినది. దాని మూడో భాగం కింద ప్లాంటును 38 వారాల పాటు పరీక్షిస్తారు, మధ్యలో కరెంటు తీసేస్తారు, ఎక్కువ నీరు పంపుతారు, ఎవరూ లేని ఇంటి లాగా తక్కువ నీరు కూడా పంపుతారు. అయితే బయటికి వచ్చే నీరు ఇంతలోపు ఉండాలని ఆ ప్రమాణం చెప్పదు. ఆ ప్లాంటు ఎంత శాతం శుద్ధి చేసిందో కొలిచి రాస్తుంది, పరిమితిని ఆయా దేశాలు నిర్ణయించుకుంటాయి. కాబట్టి సర్టిఫికెట్ ఉందా అని కాక, అందులో రాసిన శాతం ఎంత అని అడగాలి. అమెరికా వారి ఎన్‌ఎస్‌ఎఫ్ 40 ఆరు నెలల పరీక్ష. దానిలో పరిమితి ఉంది. 30 రోజుల సగటు మీద బీఓడీ 25, ఘన పదార్థం 30 లోపు ఉంటే నెగ్గినట్లే. ఆ పరీక్ష నెగ్గిన ప్లాంటు కూడా బెంగళూరులో అడిగే 10కి చేరకపోవచ్చు.

ఈ విషయంలో మనం నేర్చుకోవలసిన దేశం జపాన్ అని నా అభిప్రాయం. ఇంటి శుద్ధి ట్యాంకులను వారు జోకాసో అంటారు. 1983లోనే వాటికోసం ప్రత్యేక చట్టం చేశారు. బయటికి వచ్చే నీటి బీఓడీ 20 లోపు ఉండాలి, 90 శాతం తగ్గాలి. ట్యాంకు తయారీతో పాటు దాన్ని అమర్చేవారికి, నిర్వహించేవారికి కూడా అర్హతలు పెట్టి, ఏటా నీటి తనిఖీని తప్పనిసరి చేశారు. ఇంటి యజమాని ట్యాంకు కొనడంతో బాధ్యత తీరిపోదని ఆ చట్టం ఒప్పుకుంది. మనకు ట్యాంకు కట్టే కొలతలు ఉన్నాయి, పెద్ద ప్లాంటు నీటికి అంకెలు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య మిగిలిపోయిన లక్షల ఇళ్లకు ఏటా వచ్చి చూసే మనిషి లేడు. 10 అయినా 20 అయినా, కొలిచేవారు లేని అంకె వల్ల చెరువుకు మేలు జరగదు.

ప్రశ్న: కె.ఆర్.పురంలో అద్దెకు ఉంటున్నాము. సెప్టిక్ ట్యాంకు తరచు పొంగుతోంది. ట్యాంకరు వచ్చి లాగినా అడుగున గట్టిపడిన మడ్డి రాలేదని, ఒక మనిషిని దింపి తీయిద్దామని మా ఇంటి ఓనరుగారు అంటున్నారు. ఇది మంచిదేనా?
— ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ మనిషిని దింపనివ్వకండి. మూత తీసి గంటసేపు ఉంచినా, అగ్గిపుల్ల వెలిగించి చూసినా, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ ట్యాంకు సురక్షితం కాదు. అడుగున పేరుకున్న మడ్డిని కదిలించినప్పుడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఒక్కసారిగా వెలువడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, కనుక దిగిన మనిషికి ప్రమాదం తగ్గినట్లే అనిపిస్తుంది. కొన్ని ఊపిరులలోనే కూలిపోతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండో మనిషి కూడా అక్కడే పోతాడు. ఇలాంటి వార్తలలో ఇద్దరు ముగ్గురు కలిసి చనిపోవడం మనం చూస్తూనే ఉన్నాము.

2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని నిషేధించింది. దింపించిన వారికి మొదటిసారే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కూలికి ఒప్పుకుని వచ్చాడు కదా అన్న మాట చట్టం ముందు చెల్లదు, మనస్సాక్షి ముందు అసలే చెల్లదు. మీ ఓనరుగారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. వినకపోతే సఫాయిమిత్ర హెల్ప్‌లైను 14420కి ఫోను చేయండి.

గట్టిపడిన మడ్డికి మార్గం ఉంది. ట్యాంకులో నీరు నింపి, జెట్టింగ్ గొట్టంతో ఒత్తిడి పెట్టి మడ్డిని కలియబెట్టి, పలచబడిన తరువాత మళ్లీ లాగించాలి. ఒక్క రోజులో కాకపోతే రెండోసారి పిలిపించాలి. అంత గట్టిపడిందంటే ఏళ్ల తరబడి తీయించలేదన్నమాట. రెండు మూడేళ్లకు ఒకసారి తీయిస్తే ఈ పరిస్థితి రాదు. లాగిన వెంటనే మళ్లీ పొంగుతుంటే తప్పు ట్యాంకులో లేదు, సోక్ పిట్ మూసుకుపోయింది, దాన్ని బాగు చేయించాలి.

ట్యాంకరువాడు ఆ మడ్డిని ఎక్కడ పోస్తాడో కూడా అడగండి. బెంగళూరు శివారులోని దేవనహళ్లిలో 2015 నుంచి ఇలాంటి మడ్డిని శుద్ధి చేసే కేంద్రం నడుస్తోంది, దేశంలో ఒక పట్టణం మొత్తానికి పెట్టిన తొలి కేంద్రం అదే. చీకటి పడ్డాక చెరువు గట్టున ఒంపేసే బండికి మీరు ఇచ్చే డబ్బు ఆ చెరువును పాడు చేయడానికి ఇచ్చినట్లే అవుతుంది.

ప్రశ్న: స్నానాల నీరు, వాషింగ్ మెషిన్ నీరు మాత్రమే మొక్కలకు మళ్లించాలనుకుంటున్నాము. దీనికి అనుమతి కావాలా?
— ఒక పాఠకురాలు, హొసకోటె

జవాబు: మండలి కాన్సెంటు వ్యవస్థ ఒక్కొక్క ఇంటి పెరటి దాకా రాదు, కాబట్టి నిశ్చింతగా మొదలుపెట్టండి. తాగునీటిని మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా వేస్తామని బెంగళూరు జలమండలి 2024 మార్చిలో ప్రకటించిన తరువాత చాలామంది ఈ పని మొదలుపెట్టారు. వంటింటి నీటిని మాత్రం కలపకండి, నూనె, మెతుకులు ఒక్క రోజులోనే వాసన తెప్పిస్తాయి. స్నానపు నీటిని ఇసుక, కంకర నింపిన గుంటలో మెట్టతామర, అరటి నాటి దాని గుండా పంపండి. బయటికి వచ్చిన నీటిని 24 గంటలకు మించి నిలవ ఉంచకండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మడులకు ఆ నీరు పెట్టకండి, కొబ్బరికి, పూలమొక్కలకు పెట్టవచ్చు. వాషింగ్ మెషిన్ నీటిలో సబ్బుపొడి ఉప్పులు ఎక్కువగా ఉంటాయి కనుక మొదటి నీటిని సెప్టిక్ ట్యాంకుకే వదిలి, జాడించిన నీటిని తోటకు మళ్లించండి.